విశాఖ నుంచి విదేశీ విహారయాత్ర: వీసా, ప్రవేశ నిబంధనలకు ఎలా సిద్ధం కావాలి

విదేశాలు చూసి రావాలని అనుకున్న కుటుంబం సాధారణంగా మొదట టికెట్ల ధర చూస్తుంది, తరువాత హోటళ్ళు చూస్తుంది, వీసా సంగతి అన్నిటికన్నా చివర తలుచుకుంటుంది. మీరు ఈ వరుసను తిరగేయాలి. ముందు పాస్‌పోర్టు, ఆ తరువాత వెళ్ళదలచిన దేశం భారతీయులకు పెట్టిన షరతులు, ఆ తరువాత దరఖాస్తు, వీసా చేతికి వచ్చాకే డబ్బు తిరిగిరాని టికెట్టు. వీసా ఇచ్చేది రాయబార కార్యాలయం, విమానం ఎక్కనిచ్చేది మన విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటరు దగ్గరున్న ఎయిర్‌లైన్ ఉద్యోగి, దేశంలోకి రానిచ్చేది అక్కడి ఇమిగ్రేషన్ అధికారి. ఈ ముగ్గురిలో ఎవరు కాదన్నా ప్రయాణం ఆగిపోతుంది. ముగ్గురూ వేరువేరు కాగితాలు అడిగినా, ఆ కాగితాలన్నీ ఒకే మనిషి గురించి, ఒకే ప్రయాణం గురించి చెబుతున్నాయా అనే చూస్తారు. అందువల్ల కాగితాల మధ్య పొందిక కుదర్చడమే మీ అసలు పని.

పాస్‌పోర్టుతో మొదలు పెట్టండి

ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఒకచోట పెట్టి, ప్రతిదాని గడువు తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. గడువు ముగియలేదంటే సరిపోదు. సింగపూర్, థాయిలాండ్, మలేషియా సహా చాలా దేశాల ప్రయాణాలకు పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగల షెంజెన్ దేశాల లెక్క కొంచెం వేరు. అక్కడినుంచి తిరిగి బయలుదేరే తేదీ తరువాత మూడు నెలలైనా గడువు ఉండాలి, పాస్‌పోర్టు గత పదేళ్ళలోపు జారీ అయినదై ఉండాలి, వీసా అతికించడానికి రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పెద్దల పాస్‌పోర్టు పదేళ్ళు నడుస్తుంది గనుక ఎవరూ మరచిపోరు. పిల్లలది అయిదేళ్ళకే, లేదా పద్దెనిమిదేళ్ళు నిండేసరికే ముగుస్తుంది కాబట్టి, కుటుంబంలో ముందుగా గడువు దాటేది దాదాపు ఎప్పుడూ పిల్లల పాస్‌పోర్టే అవుతుంది.

కొత్తది గానీ, మళ్ళీ జారీ చేయించుకునేది గానీ, దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైటులోనే నింపాలి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీల దానికి 2,000 రూపాయలు రుసుము. తత్కాల్ అయితే ఇంకొక 2,000 చేరుతుంది. తరచుగా తిరిగే ఆలోచన ఉంటే ఆ 500 రూపాయల తేడా చూసుకోకుండా పెద్ద పుస్తకమే తీసుకోవడం మేలు. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవారికి పదో తరగతి సర్టిఫికెట్ వంటివి కూడా చెల్లుతాయి. ఇక చిరునామా విషయం: 2022లో జిల్లాలు విడిపోయాక, పాత పాస్‌పోర్టులో విశాఖపట్నం జిల్లా అనీ, ఆధార్‌లో అనకాపల్లి లేదా అల్లూరి సీతారామరాజు జిల్లా అనీ ఉన్నవారు చాలామంది ఉన్నారు. పాస్‌పోర్టు మళ్ళీ జారీ చేయించుకునేటప్పుడు మాత్రం ప్రస్తుత చిరునామా రుజువులో ఎలా ఉందో దరఖాస్తులోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయాలి.

ప్రభుత్వ ఉద్యోగులకు ఇక్కడ మరొక పని ఉంది. ఉపాధ్యాయులైనా, పోర్టు, స్టీల్ ప్లాంటు, డాక్‌యార్డు ఉద్యోగులైనా పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు తమ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రమో, తెలియజేశామనే ముందస్తు లేఖో జతచేయాలి. ఆ తరువాత విదేశీ ప్రయాణానికి విడిగా అనుమతి, సెలవు మంజూరు పత్రం తీసుకోవాలి. ఈ ఫైలు ఒక బల్ల మీదినుంచి ఇంకొక బల్ల మీదికి వెళ్ళడానికి పట్టే కాలం మీకే బాగా తెలుసు. ముందుగా కదపవలసింది దీనినే.

ఇంటిపేరు దగ్గర జాగ్రత్త

తెలుగువారి పాస్‌పోర్టుల్లో ఎక్కువ చిక్కులు పేరు దగ్గరే వస్తాయి, అందుకే దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్ కార్డులో పేరు చివరకు చేరుతుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ సొంతపేరూ కలిపి ఒకే గడిలో ఉంటాయి. మరికొందరికి రెండు గడులకు బదులు ఒకే మాట ఉంటుంది.

మీ పాస్‌పోర్టులో ఏముందో తేల్చుకోవడానికి ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి. బాణం మొనల వంటి గుర్తులతో నిండిన రెండు వరుసలు కనిపిస్తాయి. పై వరుసలో దేశం సంకేతం తరువాత వచ్చేది ఇంటిపేరు, దాని వెంట రెండు బాణం గుర్తులు, ఆ తరువాత సొంతపేరు. యంత్రం చదివేది ఈ వరుసనే. టికెట్టు బుక్ చేసేటప్పుడు వెబ్‌సైటు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు చూపిస్తే, నోటితో పలికే వరుసలో ఇంటిపేరును మొదటి గడిలో పెట్టేస్తూ ఉంటారు. అలా చేయకూడదు. చివరి పేరు గడిలోకి వెళ్ళవలసింది పాస్‌పోర్టులో ఇంటిపేరుగా ఉన్న మాటే. మిగిలినదంతా మొదటి పేరు గడిలోకి వెళుతుంది. వీసా దరఖాస్తు, ఆరోగ్య బీమా, హోటల్ బుకింగ్, అన్నిటిలోనూ ఇదే రూపం ఉండాలి.

ఒకే మాటతో పేరున్నవారికి కొన్నిచోట్ల తలుపే తెరుచుకోదు. ఇంటిపేరు గానీ సొంతపేరు గానీ ఖాళీగా, ఒకే మాటతో ఉన్న పాస్‌పోర్టులపై వచ్చే సందర్శకులను అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో ప్రకటించింది. అమెరికా దరఖాస్తులో ఇంటిపేరు లేనివారు తమ పేరును ఇంటిపేరు గడిలో రాసి, సొంతపేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అనే మూడక్షరాలు వేయవలసి ఉంటుంది. ఆ అక్షరాలు వీసా మీద కూడా అచ్చవుతాయి. అందువల్ల పాస్‌పోర్టు మళ్ళీ జారీ చేయించుకునే అవకాశం వచ్చినప్పుడే రెండు గడులూ సరిగా నింపించుకోవడం మంచిది. పెళ్ళి తరువాత ఆడవారు ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం పాస్‌పోర్టుకు లేదు. పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండవచ్చు. అయితే ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో పుట్టింటిది ఉంటే, వీసా దరఖాస్తుతో వివాహ ధ్రువపత్రం జతచేసి, రెండు పేర్లూ ఒకరివేనని కవరింగ్ లెటరులో ఒక వాక్యం రాయాలి.

పెద్దవారి పాస్‌పోర్టులలో మరొకటి చూడాలి. పదో తరగతి పాసు కానివారికి ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం అనే) ముద్రతో పాస్‌పోర్టు ఇస్తారు. యూఏఈ, మలేషియా, థాయిలాండ్, ఇండొనేషియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళేటప్పుడు ఈ ముద్ర ఉన్నవారికి వలస అనుమతి కావాలి. విహారయాత్రకు అక్కరలేదు, కాని రిటర్ను టికెట్టు, వీసా అవసరమైన చోట వీసా, హోటల్ బుకింగ్ అచ్చు తీసి చేతిలో ఉంచుకోవాలి. పిల్లలతో కలిసి వెళుతున్న అమ్మ విడిగా వేరే వరుసలో నిలబడవలసి వస్తే ఈ కాగితాలు ఆమె సంచిలోనే ఉండాలి.

వెళ్ళే దేశం ఏ రకంలోకి వస్తుందో తేల్చుకోండి

భారతీయ పాస్‌పోర్టుకు దేశాలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి: వీసా అడగనివి, దిగాక ఇచ్చేవి, ఇంటర్నెట్‌లో ఇచ్చేవి, పాస్‌పోర్టులో అతికించి ఇచ్చేవి. నేపాల్, భూటాన్ ఈ లెక్కకు ఇంకా ఇవతల ఉన్నాయి. పాస్‌పోర్టు లేకున్నా ఓటరు కార్డుతో వెళ్ళవచ్చు. ఆధార్ చూపితే చాలనుకుని నేపాల్ విమానం ఎక్కబోయేవారు ఆగిపోతారు, ఎందుకంటే పదిహేనేళ్ళలోపు పిల్లలకు, అరవై అయిదు దాటిన పెద్దలకు తప్ప అది ప్రయాణ పత్రంగా చెల్లదు. భూటాన్‌లో భారతీయులు రాత్రికి 1,200 రూపాయల చొప్పున అభివృద్ధి రుసుము కట్టాలి.

వీసా అడగని దేశాల విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ సడలింపులు ఎప్పుడైనా మారతాయి. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తూ, ఆ వెసులుబాటును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. థాయిలాండ్ 2024 జులై నుంచి 60 రోజుల వరకు వీసా మినహాయించింది. ఇరాన్ కూడా 2024లో ఇలాంటి మినహాయింపు ఇచ్చింది, కాని ఉద్యోగాల ఆశ చూపి తీసుకువెళ్ళిన భారతీయులను అక్కడ బంధించి డబ్బు గుంజిన ఘటనల తరువాత 2025 నవంబరులో దానిని నిలిపివేసింది. కాబట్టి పోయిన సంక్రాంతి సెలవులకు పక్కింటివారు వెళ్ళివచ్చిన పద్ధతిని నమ్ముకోకుండా, టికెట్టు కొనే రోజు ఒకసారి, బయలుదేరే వారం మరొకసారి ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి చూడండి.

వీసా లేదంటే ఫారం లేదని అర్థం కాదు. మలేషియాకు డిజిటల్ అరైవల్ కార్డు, థాయిలాండ్‌కు 2025 మే 1 నుంచి అదే తరహా కార్డు, సింగపూర్‌కు ఎస్‌జీ అరైవల్ కార్డు, మూడింటినీ చేరుకునే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి. మూడూ ఉచితం. వెతికితే మొదట కనిపించే కొన్ని వెబ్‌సైట్లు ఇదే ఫారానికి డాలర్లు వసూలు చేస్తాయి. చిరునామా చివర ఆ దేశపు ప్రభుత్వ సంకేతం ఉందో లేదో చూసి మరీ నింపండి.

సింగపూర్‌కు మాత్రం ముందుగా వీసా కావాలి. గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా గానీ, సింగపూర్‌లో ఉన్న పరిచయస్థుల ద్వారా గానీ ఫారం 14ఏ సమర్పించాలి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు. దానిపైన అడిగేదంతా ఏజెంటు రుసుమే. వియత్నాం ఇంటర్నెట్‌లోనే 90 రోజుల వరకు చెల్లే ఈ-వీసా ఇస్తుంది. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు. ఇండొనేషియాలో బాలి చూడాలనుకునేవారు దిగాక 5,00,000 రూపయా (అక్కడి డబ్బు) కట్టి 30 రోజుల వీసా తీసుకోవచ్చు, దానికి తోడు బాలి ప్రాంత ప్రభుత్వానికి 1,50,000 రూపయా పర్యాటక రుసుము కట్టాలి. దుబాయి, అబుధాబిలకు సాధారణంగా ముందే వీసా తీసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉన్నవారికి అక్కడ దిగాక 14 రోజుల వీసా ఇస్తారు. కెన్యా, టాంజానియాలలో అడవి జంతువులను చూడబోయేవారికి వీసా పని ఇంటర్నెట్‌లోనే ముగుస్తుంది గాని, పచ్చజ్వరం టీకా సంగతి మరువకూడదు. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ధ్రువపత్రం చెల్లుతుంది, ఒకసారి చెల్లితే జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే మన దేశంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. ఈ టీకా గుర్తింపు పొందిన కేంద్రాలలోనే వేస్తారు, కాబట్టి ఏ రోజుల్లో వేస్తారో ముందుగా కనుక్కుని వెళ్ళండి.

అతికించే వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు

ఐరోపా యాత్రను ఉదాహరణగా తీసుకుంటే మిగిలినవి సులువుగా అర్థమవుతాయి. షెంజెన్ ఒప్పందంలో 29 దేశాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ రాత్రులు ఎక్కడ గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంటు త్వరగా దొరుకుతుందని మరొక దేశానికి దరఖాస్తు చేసి, ఆ దేశాన్ని ఒక్క రాత్రితో సరిపెట్టే ప్రణాళికలు అధికారులకు ఇట్టే తెలిసిపోతాయి. పెద్దవారికి రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి పదిహేను రోజులు పడుతుంది, అదనపు పరిశీలన అవసరమైతే నలభై అయిదు రోజులదాకా సాగవచ్చు. మన పిల్లలకు వేసవి సెలవులు వచ్చే రోజుల్లోనే దేశమంతా ఐరోపాకు బయలుదేరుతుంది గనుక, మే నెలలో వెళ్ళేవారు డిసెంబరు, జనవరి నెలల్లోనే అపాయింట్‌మెంటు వెతకాలి.

చాలా దేశాల దరఖాస్తు కేంద్రాల కోసం మనం హైదరాబాదు వెళ్ళాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కి తెల్లవారేసరికి దిగి, పని ముగించుకుని ఆ సాయంత్రమే తిరిగి ఎక్కడం సాధ్యమే, కాని రైలు ఆలస్యాన్ని లెక్కలో ఉంచుకుని అపాయింట్‌మెంటును పదకొండు గంటల తరువాతే తీసుకోండి. వేలిముద్రల కోసం పన్నెండేళ్ళు దాటిన అందరూ స్వయంగా హాజరు కావాలి. షెంజెన్‌కు ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికివస్తాయి. గోరింటాకు, ముదురు మెహందీ పెట్టుకున్న వేళ్ళను యంత్రం సరిగా చదవకపోవచ్చు. పెళ్ళిళ్ళ రోజుల్లో అపాయింట్‌మెంటు పెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఫొటో చిన్న విషయంగా కనిపిస్తుంది గాని దరఖాస్తులు వెనక్కి రావడానికి అది తరచుగా కారణమవుతుంది. షెంజెన్‌కు 35 × 45 మిల్లీమీటర్లు, అమెరికాకు 2 × 2 అంగుళాలు. తెల్లని నేపథ్యం, కళ్ళజోడు లేకుండా, గత ఆరు నెలల్లో తీసినది కావాలి. మన స్టూడియోలవారు అడగకపోయినా ముఖం మీద మచ్చలు తీసేసి, రంగు పెంచి, చెవుల పక్క నీడలు చెరిపి ఇస్తారు. పెళ్ళిచూపులకు అది బాగుంటుంది, వీసాకు పనికిరాదు. ఏమీ దిద్దవద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఇక ఆర్థిక పత్రాలు. మూడు నుంచి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు బ్యాంకు ముద్రతో, ఆదాయపు పన్ను రిటర్నులు, ఉద్యోగులైతే జీతం స్లిప్పులు, సెలవు పత్రం, వ్యాపారులైతే జీఎస్‌టీ రిజిస్ట్రేషను, పదవీ విరమణ చేసినవారైతే పెన్షను పత్రాలు పెట్టాలి. ఖాతాలో ఎంత ఉందనేదానికన్నా అది ఎలా వచ్చిందనేది అధికారికి ముఖ్యం. నెలకు నలభై వేలు జీతం వచ్చే ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా ఎనిమిది లక్షలు జమ అయితే, అది అరువు సొమ్మేనని ఎవరైనా అనుకుంటారు. నిజంగానే భూమి అమ్మిన డబ్బో, పీఎఫ్ సొమ్మో అయితే దాని పత్రం నకలు జతచేసి, కవరింగ్ లెటరులో ఆ జమను తేదీతో సహా వివరించండి. ఆ లెటరు ఒక్క పేజీ దాటకూడదు: ఎవరెవరు వెళుతున్నారు, ఏ తేదీన ఏ ఊరిలో ఉంటారు, ఖర్చు ఎవరిది, తిరిగి రావడానికి ఇక్కడ ఏ ఉద్యోగం, ఏ కుటుంబం ఉన్నాయి. వినయపూర్వక ప్రార్థనలూ, ఐరోపా సంస్కృతి మీద చిన్ననాటి నుంచీ ఉన్న మక్కువ గురించిన వర్ణనలూ అక్కరలేదు.

షెంజెన్‌కు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే బీమా తప్పనిసరి. డాలర్లలో అమ్మే పాలసీలలో 50,000 డాలర్ల దానిని తీసుకుంటే ఆ హద్దు దాటుతుంది. విమాన టికెట్లకు దరఖాస్తు సమయంలో రిజర్వేషను చాలు, హోటళ్ళకు రద్దు చేసుకోగల బుకింగ్ చాలు. అయితే వీసా వచ్చాక వాటిని రద్దు చేసి మరొక దేశానికి మారిపోకండి. సరిహద్దులో హోటల్ బుకింగ్ అడిగితే వీసాకు చెప్పినదీ, చేతిలో ఉన్నదీ కలవాలి. ఇచ్చిన రోజులనూ జాగ్రత్తగా లెక్కపెట్టాలి. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించకూడదన్నది షెంజెన్ నియమం, దిగిన రోజు, బయలుదేరిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు ముద్రల స్థానంలో కంప్యూటరు నమోదు మొదలైంది గనుక ఒక్క రోజు ఎక్కువ ఉన్నా నమోదవుతుంది. నియమం తప్పకుండా తిరిగొచ్చినవారికి దీనివల్ల మేలు కూడా ఉంది. మూడేళ్ళలో రెండు షెంజెన్ వీసాలను సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ళ వీసా, ఆ తరువాత అయిదేళ్ళ వీసా ఇచ్చే పద్ధతిని 2024 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టారు.

అమెరికాకు వెళ్ళే పర్యాటకుల పద్ధతి వేరు. అక్కడ కాగితాల కట్టకన్నా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, ఇంటర్వ్యూ ముఖ్యం. గత అయిదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలు కూడా ఆ ఫారంలో అడుగుతారు. 185 డాలర్ల దరఖాస్తు రుసుము తిరిగి రాదు. హైదరాబాదులో రెండు పనులు ఉంటాయి: వేలిముద్రల కేంద్రంలో ఒక రోజు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు మరొక రోజు. కొడుకునో కూతురినో చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎన్నాళ్ళు ఉంటారు, ఎవరింట్లో ఉంటారు, ఖర్చు ఎవరు పెడతారు, తిరిగి ఎందుకు వస్తారు, ఈ నాలుగింటికీ ఉన్నది ఉన్నట్టు చిన్న మాటల్లో చెప్పగలిగితే చాలు. పిల్లలు రాసిచ్చిన ఇంగ్లీషు వాక్యాలను బట్టీపట్టి అప్పగించడం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పదేళ్ళ వీసా వచ్చిందంటే పదేళ్ళు ఉండవచ్చని కాదు. ఎన్నాళ్ళు ఉండవచ్చో దిగిన చోట అధికారి నిర్ణయించి ఐ-94 రికార్డులో నమోదు చేస్తారు, ఆ తేదీని అక్కడి వెబ్‌సైటులో మీరే చూసుకోవాలి.

ఏజెంటు సాయం తీసుకుంటే

ఫారాలు నింపడంలో ఏజెంటు సాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. సంతకం పెట్టేముందు నింపిన ప్రతి పేజీ చదవండి, ఎందుకంటే అందులో ఏ అబద్ధం ఉన్నా అది మీరు చెప్పినట్టే లెక్క. లేని ఉద్యోగం, దొంగ స్టేట్‌మెంటు బయటపడితే బ్రిటన్ పదేళ్ళ వరకు నిషేధం విధించగలదు, అమెరికా జీవితాంతం అనర్హులను చేయగలదు. ఇంతకు ముందు ఏ దేశమైనా వీసా నిరాకరించి ఉంటే దానిని కూడా దాచకండి.

పర్యాటక వీసా మీద పంపి అక్కడ ఉద్యోగం ఇప్పిస్తామనేవారి దగ్గర అసలు కూర్చోవద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో కంబోడియాకు యువకులను పంపి, అక్కడ సైబరు మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఇటువంటివాటి తరువాత, ఆగ్నేయాసియాకు ఒంటరిగా వెళ్ళే యువకులను మన ఇమిగ్రేషన్ అధికారులే నిలిపి ప్రశ్నలు అడగడం మామూలైంది. నిజంగా విహారానికే వెళుతుంటే హోటల్ బుకింగ్, రిటర్ను టికెట్టు, సెలవు పత్రం చూపండి, సరిపోతుంది.

డబ్బు, మందులు, వంటింటి సామాను

విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి సాధారణంగా 3,000 డాలర్ల విలువ వరకే నగదుగా తీసుకువెళ్ళవచ్చు, మిగిలినది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. మన రూపాయలు 25,000కు మించి వెంట ఉండకూడదు. టూర్ ప్యాకేజీ కొన్నప్పుడు టీసీఎస్ (అమ్మేవారు ముందుగా వసూలు చేసే పన్ను) పేరుతో కొంత మొత్తం పట్టుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది కాబట్టి రసీదు దాచి, ఆదాయపు పన్ను రిటర్నులో చూపి తిరిగి పొందండి. మందులు ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతో, అసలు పెట్టెలోనే, చేతి సంచిలో ఉండాలి. నిద్రకు, తీవ్రమైన నొప్పికి వాడే మందులకు యూఏఈ వంటి దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి.

మసాలా పొడులు సర్దేవారు ఒకటి తప్పక తీసి పక్కన పెట్టాలి: గసగసాలు. మన వంటింట్లో కూరకు వేసుకునే ఈ గింజలు నల్లమందు మొక్కవి గనుక యూఏఈలో నిషిద్ధం, సింగపూర్‌లోనూ నియంత్రిత సరుకే. గసగసాలు కలిపి నూరిన మసాలా ముద్ద కూడా అదే కిందికి వస్తుంది. ఆవకాయ జాడీలో నూనె ఉంటుంది కాబట్టి చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు. గట్టిగా మూతవేసి పెద్ద పెట్టెలో పెట్టండి. ఆస్ట్రేలియాలో దిగేవారు ఏ తినుబండారమైనా కార్డు మీద రాసి చూపించాలి, రాయకుండా దొరికితేనే జరిమానా. సింగపూర్‌కు చూయింగ్ గమ్, ఈ-సిగరెట్లు పనికిరావు; ఈ-సిగరెట్లు థాయిలాండ్‌లోనూ నేరమే.

బంగారం వేసుకుని వెళ్ళేవారు బయలుదేరే విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి నగలు చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అవి విదేశంలో కొన్నవి కావని చెప్పడానికి అదొక్కటే గట్టి ఆధారం. అందుకు అదనంగా ఒక గంట సమయం పెట్టుకోండి.

దారిలో దిగే ఊరు కూడా ఒక దేశమే

విశాఖ నుంచి నేరుగా వెళ్ళే విదేశీ విమానాలు కొద్దిగానే ఉన్నాయి గనుక చాలా ప్రయాణాలలో మధ్యలో విమానం మారవలసి వస్తుంది. మొత్తం ప్రయాణం ఒకే టికెట్టు మీద ఉంటే సామాను నేరుగా చివరి ఊరికి వెళుతుంది, మీరు విమానాశ్రయం లోపలే ఉంటారు. చవకగా వస్తున్నాయని రెండు విడి టికెట్లు కొంటే, మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయడానికి ఆ దేశపు ఇమిగ్రేషన్ దాటాలి, అంటే ఆ దేశపు వీసా కావాలి. కౌలాలంపూర్‌లో రెండు టెర్మినళ్ళు వేరువేరుగా ఉంటాయి. విడి టికెట్లతో ఒకదాని నుంచి మరొకదానికి మారాలంటే బయటకు వచ్చి వెళ్ళాలి కాబట్టి అరైవల్ కార్డు నింపి ఉండాలి. లండన్‌లో విమానం మారేవారికి లోపలే ఉన్నా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల వీసా ఉన్నవారికి మినహాయింపు ఉంది.

బయలుదేరే రోజు టికెట్టు మీద ఉన్న విమానాశ్రయం పేరు ఒకసారి చదవండి. నగరంలోని పాత విమానాశ్రయానికీ, భోగాపురంలోని కొత్తదానికీ మధ్య దూరం తక్కువేమీ కాదు. మూడు గంటల ముందు చేరుకుని వీసా, అరైవల్ కార్డు, రిటర్ను టికెట్టు, మొదటి హోటల్ చిరునామా అచ్చు కాగితాలు ఒకే కవరులో పెట్టుకోండి. ఫోనులో ఉన్నా కాగితం ఉంచుకోవడం ఎందుకంటే, అవతల దిగాక సిమ్ పనిచేసేలోపే ఇమిగ్రేషన్ వరుస వచ్చేస్తుంది. అధికారి అడిగినదానికే జవాబు చెప్పండి, కుటుంబమంతా ఒకేసారి మాట్లాడవద్దు. ముద్ర వేసినా, చీటీ ఇచ్చినా, ఈమెయిలు పంపినా, ఎన్నో తారీకు వరకు ఉండనిచ్చారో కౌంటరు దాటకముందే చూసుకోవాలి; తప్పు పడితే అప్పుడే అడిగితే సరిచేస్తారు.

తిరిగి వచ్చాక బోర్డింగ్ పాసులు కొంతకాలం దాచండి, ముఖ్యంగా బయలుదేరిన ముద్ర పడని దేశాలవి. గడువు తీరిన పాస్‌పోర్టులనూ పారేయకండి. కొత్తది ఇచ్చేటప్పుడు కార్యాలయంవారు పాతదానిని రద్దు చేసినా, అందులో ఉన్న అమెరికా వీసా గడువు ఉన్నంతవరకు చెల్లుతుంది, రెండు పుస్తకాలూ వెంట తీసుకువెళ్ళాలి. తరువాతి వీసా దరఖాస్తులలో గత పదేళ్ళ ప్రయాణాల తేదీలు అడిగినప్పుడు, వాటిని చూసి రాసుకోవలసింది కూడా ఆ పాత పుస్తకంలోనే.